పండుగ పూట పరాయి ఊళ్ళో



మొన్న ఓ.పి.లో బి.పి. చూపించుకున్న ఒక తల్లి, చీటీ చేతిలో పట్టుకుని వెళ్ళకుండా అక్కడే నిలబడిపోయింది. బి.పి. 160/100 ఉంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాను. అంతే ఉంది. "ఏమ్మా, మాత్రలు వేసుకోవడం లేదా?" అన్నాను.

"వేసుకుంటున్నానండి సిస్టరు గారూ. నా సంగతి కాదండి, మా అమ్మాయి సంగతి. నర్సింగ్ పూర్తయింది కదండీ. డిసెంబరులో కెన్యా వెళ్ళి అక్కడేదో మిషను ఆసుపత్రిలో రెండు నెలలు వాలంటీరుగా చేస్తానంటోంది. జీతం కూడా లేదంట. క్రిస్మస్‌కి ఇంట్లో ఆడపిల్ల లేకపోతే ఎలాగండీ? మీరైనా చెప్పండి" అంది.

చెప్పండి అంటే వద్దని చెప్పమని. నేను వద్దనలేకపోయాను. పంపించమని కూడా వెంటనే నోరు రాలేదు. రెండు వారాల తరువాత బి.పి. చూపించుకోవడానికి వచ్చినప్పుడు అమ్మాయిని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను. ఆ తల్లికి ఆ రోజు చెప్పాలనుకుని, వెనుక లైను ఉండటం వలన చెప్పలేకపోయిన మాటలే ఇప్పుడు వ్రాస్తున్నాను.

మన జిల్లాల్లో మిషను ఆసుపత్రులంటూ వెలిశాయంటే, అవి పండుగకు ఇంటికి వెళ్ళని మనుషుల వలన వెలిసినవే. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని పెద్దవాళ్ళు మనలో తక్కువ. డాక్టరు అన్నా సారా కుగ్లర్ గారు 1856లో అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో పుట్టారు. ఆడవాళ్ళు వైద్యం చదవడమే వింతగా చూసే ఆ రోజుల్లో, 1879లో, పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. మన దేశంలో మగ డాక్టరుకు చేయి కూడా చూపించుకోని స్త్రీలు ఎందరో ఉన్నారని, ఆడ డాక్టరు వస్తే మేలని, ఇక్కడి మిషనెరీ ఒకరు వ్రాసిన ఉత్తరం ఆమెను కదిలించింది. అయితే ఆమెను పంపవలసిన లూథరన్ స్త్రీల సంఘం వారు వైద్య సేవ ఇప్పుడే మొదలు పెట్టలేమన్నారు. ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పే పని మీదనైతే పంపుతామన్నారు. ఆమె సరేనన్నారు గాని, మందులు, పరికరాలు పెట్టెలో సర్దుకునే ఓడ ఎక్కారు! ఆమె జీవితంలో నాకు అన్నిటి కంటె ఇష్టమైన సంగతి ఇదే.

1883 ఆగస్టులో బయలుదేరి, నవంబరు చివర గుంటూరు చేరారు. అంటే దిగిన నెల లోపలే క్రిస్మస్. వయసు 27. భాష రాదు. అప్పటికి గుంటూరుకు రైలు లేదు. ఇంటికి ఉత్తరం వ్రాస్తే జవాబు కోసం నెలలు ఎదురు చూడాలి. పుట్టిన ఊళ్ళో మంచు పడే కాలం, ఇక్కడేమో పగలు ఎండ. పైగా, ఆమె చేయి తగిలితే మైల అనుకునే ఇళ్ళు కూడా ఉండేవి. అయినా, వైద్యం చేయవద్దని పంపిన డాక్టరమ్మ మొదటి ఏడాదిలోనే నాలుగు వందల మందికి పైగా రోగులను చూశారు. 1885 చివర్లో గాని పంపినవారు ఆమెను వైద్య మిషనెరీగా ఒప్పుకోలేదు. 1893లో డిస్పెన్సరీ తెరిచారు, కొన్నేళ్ళకు 50 పడకల ఆసుపత్రి లేచింది.

మన ఏలూరు వారికి కూడా ఈ కథలో వంతు ఉంది. ఏలూరు రాజా భుజంగరావు గారి భార్యకు కుగ్లర్ గారి చేతుల మీద కాన్పు జరిగింది. ఆ కృతజ్ఞతతో రాజా వారు ఆ ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించారు. వార్డు వరండాలో చాప పరచుకుని, సంచి తల క్రింద పెట్టుకుని పడుకున్న వారికి ఆ సత్రం విలువ వేరే చెప్పనక్కర లేదు. కుగ్లర్ గారు 1930 జూలైలో గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చి 47 ఏళ్ళు.

అంత దూరం పోనక్కర లేదు. మన కొల్లేటి అంచున ఆకివీడులో కెనడా బాప్టిస్టు మిషను డాక్టరమ్మ పెరల్ ఛూట్ గారు స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నడిపారు. ఇంకా ముందు, 1836లోనే, ఇంగ్లండు నుండి బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు ఓడలో వచ్చి పాలకొల్లు, నరసాపురాల్లో కాపురం పెట్టారు. (వారి బ్రదరిన్ సంఘాల్లో చాలా చోట్ల నేటికీ క్రిస్మస్ పండుగ చేసుకోరు. కాబట్టి పండుగ బెంగ కాదు గాని, ఇంటి బెంగ మాత్రం వారికీ ఉండి ఉంటుంది.)

ఎప్పుడూ తెల్లవాళ్ళే మన దగ్గరకు వచ్చారనుకుంటే పొరపాటు. మనవాళ్ళూ వెళ్ళారు. దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు 1860 నుండి మద్రాసు రేవులో ఓడ ఎక్కి, చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పోయిన తెలుగువారు వేలల్లో ఉన్నారు. వారికి తమ భాషలో మంచి చెడ్డ చెప్పే మనిషి లేడని విని, తెలుగు బాప్టిస్టు సంఘాలవారు చందాలు వేసుకుని 1903లో నెల్లూరు వైపు నుండి జాన్ రంగయ్య గారిని పంపించారు. కరవులు, అప్పులు చూసిన పేద సంఘాలు సముద్రం అవతలికి ఒక మనిషిని పంపి పోషించాయంటే చిన్న మాట కాదు. కియర్స్‌నీ తేయాకు తోటలో ఆయన తెలుగు సంఘాన్ని ఏర్పరచినది 1903 డిసెంబరు 27న, క్రిస్మస్ వెళ్ళిన రెండో రోజున. అక్కడ డిసెంబరు నడి వేసవి. మనకు చలిమంటలు వేసుకునే రోజుల్లో వారు చెమటలు తుడుచుకుంటూ పండుగ చేసుకున్నారు. రంగయ్య గారు 1915లో నెటాల్‌లోనే మరణించారు.

ఇక నా సంగతి. వీరి ప్రక్కన నా పేరు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. వెళ్ళింది ఏడు వారాలే. 2009 డిసెంబరులో ఆఫ్రికాలోని మలావి దేశంలో, సరస్సు ఒడ్డున ఒక మిషను ఆసుపత్రిలో పని చేశాను. అక్కడ డిసెంబరు అంటే వానలు, మామిడిపళ్ళు, మలేరియా. పాత మొక్కజొన్న అయిపోయి, కొత్త పంట చేతికి రాని కాలం కూడా అదే. పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు. జ్వరం, మూర్ఛలు, రక్తం బొత్తిగా లేక తెల్లబడిన అరచేతులు.

ఇల్లు గుర్తు వచ్చేది క్యారల్స్ విన్నప్పుడు అనుకుని వెళ్ళాను. కాదు. సరస్సులో దొరికే సన్న చేపలను వారు ఉసిపా అంటారు. ఒడ్డున తడికెల మీద ఎండబెడతారు. మాది కొల్లేటి ఊరు. ఒక సాయంత్రం డ్యూటీ నుండి వస్తుంటే ఆ ఎండుచేపల వాసన గుప్పుమంది. మా నాయనమ్మ, మా పెరడు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలిచాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. (అన్నం కాదులెండి, న్సీమా. మొక్కజొన్న పిండి సంకటి. చేత్తోనే తింటారు, అదొక్కటే నాకు ఓదార్పు.)

క్రిస్మస్ ముందు వారం మేట్రన్ గారు డ్యూటీ చార్టు పట్టుకుని వచ్చి, 24 రాత్రి, 25 రాత్రి ఎవరు చేస్తారని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. అక్కడి నర్సు ఒకామె, ముగ్గురు పిల్లల తల్లి, మూడేళ్ళుగా పండుగ రాత్రులు తానే చేస్తోందట. ఆమె తల ఎత్తకుండా కూర్చుంది. నేను చెయ్యి ఎత్తాను. గొప్ప మనసుతో కాదు, ఊరికే కూర్చోవడానికి సిగ్గేసి.

అక్కడికీ మనకూ మూడున్నర గంటల తేడా. నేను 24వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు చార్జి తీసుకుంటుంటే ఇక్కడ అర్ధరాత్రి. మన గుడి గంట కొట్టే వేళ. అది ఆలోచించడానికి కూడా తీరిక దొరకలేదు. ఒక పిల్లవాడికి రక్తం ఎక్కుతోంది, కరెంటు పోయింది, టార్చి లైటు వెలుగులో చుక్కలు లెక్క పెడుతూ కూర్చున్నాను. తెల్లవారే సరికి వాడు కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు. ప్రక్క మంచంలోని పాప దక్కలేదు. 26వ తేదీన ఆ నర్సు ఊరి నుండి వచ్చి, గుడ్డలో కట్టిన మామిడిపళ్ళు నా చేతిలో పెట్టింది. "జికోమో" అంది. కృతజ్ఞతలు అని వారి మాట. వాలంటీరు వలన ఆసుపత్రికి నిజంగా కలిగే ఉపకారం ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. పండుగకు ఇంటికి వెళ్ళవలసిన అక్కడివారు ఇంటికి వెళ్ళగలగడం. పది రోజులకు వెళ్ళి ఫోటోలు దిగి వచ్చేవారికి మర్యాదలు చేయడంలో అక్కడి వారికి పని పెరుగుతుందే గాని తగ్గదు. మాట కటువుగా ఉంటే క్షమించండి.

తరువాత జరిగింది నా తెలివితక్కువ. దోమలతో వచ్చే ప్రమాదం తెలిసిన నర్సునే, వారానికి ఒకటి చొప్పున మలేరియా నివారణ మాత్ర వేసుకున్నదాన్నే, ఇంటికి వచ్చిన రోజున డబ్బా అవతల పడేశాను. తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవలసిన మాత్ర అది. మూడో వారంలో చలి, జ్వరం. పండుగ అలసట అనుకున్నాను. మూడు రోజులు జ్వరం మాత్రలు వేసుకున్నాను. ఒక క్లినిక్కులో టైఫాయిడ్ అని మందులు ఇచ్చారు. వారి తప్పు లేదు, నేను ఎక్కడి నుండి వచ్చానో చెప్పలేదు. చివరకు రక్తం తీసిన ల్యాబ్ కుర్రవాడు "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళారా మేడమ్?" అని అడిగాడు. ఫాల్సిపారం మలేరియా. ఇంకొక రోజు ఆలస్యమైతే మెదడుకు ఎక్కేదేమో అన్నారు డాక్టరు గారు.

కాబట్టి వెళ్ళేవారికి, వారి తల్లిదండ్రులకు నాలుగు ముక్కలు.

"మేము కొల్లేటి దోమల్లో పెరిగాం, మాకేం కాదు" అనే మాట నమ్మవద్దు. ఇక్కడ పెరిగినంత మాత్రాన అక్కడి మలేరియాకు తట్టుకునే శక్తి రాదు. మాత్రల్లో రోజూ వేసుకునేవి ఉన్నాయి, వారానికి ఒకటి వేసుకునేవి ఉన్నాయి. కొన్ని తిరిగి వచ్చాక వారం రోజులు, కొన్ని నాలుగు వారాలు కొనసాగించాలి. ఏది సరిపోతుందో బయలుదేరే ముందే డాక్టరును అడగండి. తిరిగి వచ్చిన మూడు నెలల లోపు ఏ జ్వరం వచ్చినా, ఆ తరువాత ఏడాది వరకు కూడా, "ఫలానా దేశం వెళ్ళి వచ్చాను" అన్నది మీ నోట మొదటి మాట కావాలి.

కెన్యా వంటి దేశాలకు పోయి వచ్చేవారికి ఎల్లో ఫీవర్ టీకా కావాలి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, పసుపు పచ్చ పుస్తకం ఇస్తారు. వేయించుకున్న పది రోజుల తరువాతే అది చెల్లుతుంది, కనుక టికెట్టు కొన్నాక కాదు, ముందే చూసుకోవాలి. 2016 నుండి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ పుస్తకం లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా ఆపివేయవచ్చు. గర్భిణులు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు డాక్టరుకు చెప్పకుండా వేయించుకోరాదు.

నర్సులకు మరొక మాట. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది. డిసెంబరులో వెళ్ళాలంటే జూన్‌లో మొదలు పెట్టాలి. అక్కడ సూది గుచ్చుకుంటే దాచుకోవద్దు. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందు కొద్ది గంటల్లోనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు, మొదలు పెట్టాలి. షుగరు ఉన్న పెద్దలు వెళ్తుంటే ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు.

బెంగ జబ్బు కాదు గాని ఒంటికి తెలుస్తుంది. నిద్ర పట్టదు, తిండి సహించదు. పండుగ రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోజనాలు చేస్తుండగా ఫోను చేయకండి, గిన్నెల చప్పుడు విని ఏడుపు వస్తుంది. నేను చేసి చూశాను. మర్నాడు చేయండి. రెండు వారాలు దాటినా తేరుకోకపోతే అక్కడ నమ్మకమైన ఒకరికి చెప్పాలి.

మన ఆసుపత్రులకు బయటి దేశాల నుండి వచ్చే పిల్లల సంగతీ అంతే. ఒక ఏడాది ఇంగ్లండు నుండి వచ్చిన అమ్మాయి, 24వ తేదీ సాయంత్రం దుప్పట్ల గదిలో కూర్చుని ఏడుస్తూ మా ఆయాకు కనబడింది. ఆయాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఏమీ అడగలేదు. ప్రక్కన కూర్చుని దుప్పట్లు మడతపెట్టడం మొదలు పెట్టింది. కాసేపటికి ఆ అమ్మాయి రెండో కొస పట్టుకుంది. వార్డులో పండుగకు ఇంటికి వెళ్ళలేని రోగులు పదకొండు మంది ఉన్నారు, ఆ మడతపెట్టిన దుప్పట్లు వారికే పరిచారు.

అన్నట్టు, ఆ తల్లి రెండు వారాల తరువాత కూతుర్ని వెంటబెట్టుకు వచ్చింది. బి.పి. 138/88. అమ్మాయి పసుపు పచ్చ పుస్తకం అప్పుడే తెచ్చుకుంది. హెపటైటిస్ టీకా ట్రైనింగులోనే మూడు డోసులూ అయ్యాయట. మలేరియా మాత్రల సంగతి మా డాక్టరు గారితో మాట్లాడించాను. తల్లి మాత్రం వేరే సంగతి అడిగింది.

"అరిసెలు పంపొచ్చా అండి?"

"పంపొచ్చమ్మా. ఆవకాయ మాత్రం చేతి సంచిలో పెట్టవద్దు, తీసేస్తారు. బాగా మూత బిగించి, రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టు."

ఆమె కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "అయితే రెండు డబ్బాలు చేస్తానండి. ఒకటి దీనికి, ఒకటి అక్కడి నర్సమ్మలకి" అంది.