ఊరంతా అల్లకల్లోలమైన వేళ ఆమె మాట వినేదెవరు?

హన్మకొండ నుంచి భూపాలపల్లి వెళ్లే దారిలో పరకాల వస్తుంది. కొత్తగా ఆ ఊరు వెళ్లినవారికి అక్కడివాళ్లు అమరధామం చూపిస్తారు. 1947 సెప్టెంబరు 2న చుట్టుపక్కల పల్లెల జనం మూడు రంగుల జెండా పట్టుకుని పరకాలకు తరలివచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. నిజాం రాజ్యంలో మాత్రం ఆ జెండా ఎగరేయడం నేరం. నిజాం పోలీసులు, రజాకార్లు వారి మీద తుపాకులు పేల్చారు. 22 మంది చనిపోయారని ఊరు లెక్క చెప్పుకుంటుంది. గాయపడ్డవారు ఇంకెందరో. వారి గుర్తుగా 2003లో ఈ అమరధామం వెలిసింది.

ఏడాది తిరిగేసరికి భయం ఇల్లు మారింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం ఇళ్లవాళ్లు కూడా ఆ తర్వాత తలుపులు బిగించుకుని రాత్రిళ్లు గడిపారు. రజాకార్లను ఎదిరించి రాసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను అదే ఏడాది ఆగస్టులో రజాకార్లే చంపారు. దౌర్జన్యానికి మతం పేరు పెట్టేవారు ఆయన పేరు మరిచిపోతుంటారు.

ఈ రెండు భయాల గురించి మన పెద్దలు ఎంతో కొంత మాట్లాడతారు. ఇంకో భయం ఉంది. అది కాల్పులతో మొదలుకాదు, కర్ఫ్యూ ఎత్తివేస్తే పోదు. అది ఇంటి నాలుగు గోడల మధ్యే ఉంటుంది. బయట ఊరు అల్లకల్లోలమైనప్పుడు ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషికి ఏమవుతుందన్నదే ఈ వారం మన ప్రస్తావన.

అలాంటి ఇల్లు ఏ మొహల్లాలోనైనా ఒకటి ఉంటుంది. ఆయన బయట చాలా మంచివాడు. జుమా నమాజుకు ముందు వరసలో నిలబడతాడు. పెళ్లిళ్లలో తానే దగ్గరుండి దావత్ చూసుకుంటాడు. గడప దాటి లోపలికి రాగానే మనిషి వేరు. భార్య చేతి వంట బాగుందని చుట్టాలెవరైనా మెచ్చుకుంటే ఆ రాత్రి ఆమెకు నిద్ర ఉండదు. అమ్మీ దగ్గర నుంచి ఫోన్ వస్తే పక్కనే కూర్చుని ప్రతి మాటా వింటాడు. నిన్న అన్న మాట ఇవాళ గుర్తుచేస్తే, ‘నేనెప్పుడన్నాను? నీకు మతి చెడింది’ అంటాడు. చేయి చేసుకోడు. కొట్టినా చూపించుకోవడానికి ఒక మచ్చయినా ఉండేది కదా అని ఆమె లోలోపల అనుకుంటుంది. పదేళ్లు గడిచేసరికి తన కళ్లు చూసినదాన్ని తానే నమ్మలేని స్థితికి వచ్చేస్తుంది.

తానే గొప్ప, తన మాటే నిజం, తక్కినవాళ్లంతా తన అద్దంలో బొమ్మలు అనుకునే ఈ స్వభావాన్ని మానసిక వైద్యులు నార్సిసిజం అంటారు. అది ముదిరిన స్థితిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగ నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. మనకు ఇది కొత్త సంగతి కాదు. దైవప్రవక్త (స) అహంకారాన్ని వివరిస్తూ, మంచి బట్టలు కట్టుకోవడం అహంకారం కాదనీ, సత్యాన్ని తోసిపుచ్చడం, తోటి మనుషుల్ని చిన్నచూపు చూడడమే అహంకారమనీ బోధించారు. పై ఇంట్లో జరుగుతున్నవి సరిగ్గా ఆ రెండే. అయితే ఒక్క హెచ్చరిక. కోపిష్టి అయిన ప్రతి భర్తకూ ఈ పేరు తగిలించకూడదు, అది వైద్యుడు తేల్చవలసిన సంగతి. ఇలా ప్రవర్తించేది మగవాళ్లే అనుకోవడమూ పొరపాటే. కొన్ని ఇళ్లలో అది అత్తగారు, కొన్ని ఇళ్లలో కన్నతండ్రి.

ఇప్పుడు అలాంటి ఇంటి నుంచి ఎలాగో బయటపడి పుట్టింట్లోనో, పిల్లలతో వేరుగానో బతుకుతున్న స్త్రీని తలుచుకోండి. ఊళ్లో గొడవలు మొదలయ్యాయి. జీపుల మీద మైకులు అరుస్తున్నాయి. టీవీలో ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటున్నారు. రేపు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. అందరికీ భయమే. కానీ ఆమెకు ఆ భయం పాత చుట్టం. మెట్ల మీద అడుగుల చప్పుడు విని ఆ పూట ఆయన ఏ మూడ్‌లో వస్తున్నాడో పసిగట్టిన చెవులవి. వీధిలో గొంతు కాస్త పెరిగితే చాలు, ఒళ్లు బిగుసుకుపోతుంది. అమెరికా వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన పుస్తకంలో చెప్పింది ఇదే. ఇంట్లో హింసకు గురైన స్త్రీకీ, చెరసాలలో హింస అనుభవించిన రాజకీయ ఖైదీకీ మనసుకు తగిలే దెబ్బలో చాలా పోలికలున్నాయని ఆమె వివరించింది. మన మీద పెత్తనం చేసేది గృహస్థుడా, ప్రభుత్వమా అని శరీరం తేడా చూడదు.

అందుకే చుట్టుపక్కలవారికి ఆమె తీరు ఒక్కోసారి వింతగా ఉంటుంది. అందరూ కంగారుపడుతున్న రోజున ఆమె చేతులు వణకవు. బియ్యం ఎంత ఉన్నాయి, మందులు ఎక్కడున్నాయి, పిల్లలు ఎక్కడ పడుకోవాలి అన్నీ తానే చూసుకుంటుంది. ‘ఎంత గుండె ధైర్యం!’ అంటారు. అంతా సద్దుమణిగి బజారు తెరిచాక, నెల రోజులకు, మంచం పడుతుంది. అప్పుడు కారణం ఎవరికీ తోచదు. మరికొందరు వార్తలు కట్టేయలేరు. రాత్రి రెండింటికి కూడా సెల్‌ఫోన్ చేతిలోనే. ప్రమాదం ఎటునుంచి వస్తుందో ముందే తెలుసుకుంటేనే ఆ ఇంట్లో బతికారు మరి, ఆ అలవాటు అంత తొందరగా పోతుందా? ఇంకొందరు వార్త అన్నమాటే వినరు. ఎవరు ఏ పార్టీ అని అడిగితే లేచి లోపలికి వెళ్లిపోతారు.

‘నేనొక్కడినే మిమ్మల్ని కాపాడగలను, నన్ను ప్రశ్నించేవాళ్లు మీ శత్రువులు’ అనే నాయకుడు ఏ పార్టీలోనైనా ఉండవచ్చు. ఆ ధోరణిని ఆమె అందరికంటే ముందు గుర్తుపడుతుంది. గుర్తుపట్టి భయపడేవారు కొందరు. తెలియకుండానే అతని వైపు మొగ్గేవారూ ఉన్నారు. గట్టిగా అరిచేవాడి పక్కన ఉంటేనే క్షేమమని ఇన్నేళ్లూ నేర్చుకున్నారు కనుక. వారిని చూసి నవ్వడం తేలిక.

ఆమెను అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసే మాట ఒకటుంది: ‘ఏమీ జరగలేదు.’ 1944లో హాలీవుడ్‌లో వచ్చిన ‘గ్యాస్‌లైట్’ అనే సినిమాలో, ఇంట్లో దీపాలు మసకబారుతున్నాయని భార్య అంటే, అదంతా నీ భ్రమేనంటూ భర్త ఆమెను పిచ్చిదాన్ని చేయబోతాడు. ఆ సినిమా పేరే ఈ రకం హింసకు పేరైపోయింది. ప్రభుత్వాలూ ఇదే పని చేస్తుంటాయి. 1948లో పోలీసు చర్య తర్వాత జరిగిన ఘోరాలను చూసి రమ్మని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ జిల్లాలు తిరిగారు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయాయని రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం అచ్చువేయలేదు. కొన్ని భాగాలు పరిశోధకుల పుస్తకాల్లో బయటపడ్డా, పూర్తి నివేదిక ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరికీ అందుబాటులోకి వచ్చింది 2013లో. అరవై అయిదేళ్లు! ఆ మధ్య కాలంలో తమ కళ్లముందు జరిగింది చెప్పబోయిన ముసలి తల్లులకు ఎన్నిసార్లు ‘అవన్నీ పుకార్లు’ అన్న జవాబు దొరికి ఉంటుంది? పరకాలలో ప్రాణాలు పోగొట్టుకున్నవారికి ఒక స్మారకం దక్కింది. దక్కవలసిందే. ఆ నాలుగు జిల్లాలవారికి దక్కింది బీరువాలో ఒక కాగితాల కట్ట.

రెండో మాట దీనికంటే మెత్తగా ఉంటుంది, మనవాళ్ల నోటే వస్తుంది: ‘ఇప్పుడు సమయం కాదు బేటీ.’ బయట మన జాతి మీద ఇంత జరుగుతుంటే నువ్వు ఇంటి గొడవ రచ్చకెక్కిస్తావా? నీ మాట పట్టుకుని వాళ్లు మన మతాన్నే ఆడిపోసుకుంటారు, కాస్త ఓర్చుకో. ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల భయమూ నిజమే. కానీ బయట పరిస్థితి బాగుపడే దాకా ఆగాలంటే ఆమె ఎన్నేళ్లు ఆగాలి? 1948లో సమయం కాదు, 1992 డిసెంబరులో సమయం కాదు, 2019లోనూ కాదు.

ఇందోర్‌కు చెందిన షాబానో వృత్తాంతం పాఠకులకు తెలిసిందే. 1975లో ఆమెను భర్త ఇంటి నుంచి వెళ్లగొట్టాడు. 1978లో కోర్టుకు వెళ్లింది. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. ఆ తర్వాత దేశమంతా రెండు పక్షాలైంది. ఒకరికి ఆమె ఆయుధం, ఇంకొకరికి ఆమె ద్రోహి. చివరకు ఆ ముసలావిడే తనకు ఆ తీర్పు వద్దని బహిరంగంగా ప్రకటించింది. మనోవర్తి ఎవరివ్వాలన్న ధర్మసూక్ష్మం మీద ఇక్కడ వాదన పెట్టుకోవడం లేదు. ఆ ఊరేగింపుల మధ్య, ఆ ఉపన్యాసాల మధ్య, ‘అమ్మా, నువ్వెలా ఉన్నావు?’ అని ఆమెను అడిగినవారెందరు అన్నదే ప్రశ్న.

అల్లకల్లోలం పీడించేవాడికి కొత్త తాళం చెవులు కూడా అందిస్తుంది. 2019 చివర, 2020 మొదట్లో పౌరసత్వం కాగితాల గురించి ఇంటింటా ఆందోళన రేగింది గుర్తుందా? బడి సర్టిఫికెట్, ఆధార్, నికానామా అన్నీ ఆయన బీరువాలో ఉన్న స్త్రీకి అది రెండింతల బెదిరింపు. ‘నేను చూపిస్తేనే నువ్వు ఈ దేశపు మనిషివి’ అన్న మాట నోటితో అననక్కరలేదు, తాళంచెవి జేబులో ఉంటే చాలు. ఆ వెంటనే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బయట తిరగవద్దన్న ఉత్తర్వు ఆమెను ఎవరితో కలిపి తాళం వేసిందో ఆలోచించండి. ఆ వారాల్లోనే జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింస ఫిర్యాదులు పెరిగాయి.

అల్లకల్లోలం ఎప్పుడూ తలుపులు మూసేదే అనుకోవద్దు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఎందరో స్త్రీలు మొదటిసారి గడప దాటారు. వారి అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. జమాలున్నిసా బాజీ లాంటి ముస్లిం మహిళల జ్ఞాపకాలూ అందులో ఉన్నాయి. 1951లో పోరాటం విరమించాక వారిలో చాలామందిని ఇక ఇళ్లకు వెళ్లమన్నారు. కొందరికి ఆ ఇల్లు మునుపటి ఇల్లే. అప్పటికి వారు మాత్రం మునుపటి మనుషులు కారు. ఇవాళ కూడా ఏదో ఒక సంఘం పనిలో, వరద బాధితులకు అన్నం వండే చోట, చేయి కలిపాక తన మాటకు విలువ ఉందని మొదటిసారి తెలుసుకునే స్త్రీలు ఉన్నారు. అయితే ఆ సంఘం పెద్ద కూడా ఇంట్లో ఆయన లాంటివాడే అయితే? ప్రశ్న అడిగినందుకు అక్కడా నిందించారంటే, ఆలస్యం చేయకుండా బయటికి వచ్చేయడం మేలు.

చట్టం గురించి కొంచెం. కొడితేనే హింస అన్న అపోహ ఇంకా పోలేదు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలోనే, ఒంటిపై చేయి వేయకపోయినా ప్రవర్తనతో భార్య బతుకును దుర్భరం చేయడం క్రూరత్వమేనని ఉంది. 2005 గృహహింస చట్టం ఏ మతం స్త్రీకైనా వర్తిస్తుంది. మాటలతో, మనసును చిత్రవధ చేయడం, డబ్బు చేతికి అందనివ్వకపోవడం అందులో నేరుగా పేర్కొన్నవే. ఖులా విషయంలో భర్త ఒప్పుకోలు తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో స్పష్టం చేసింది. ఆపదలో 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఊళ్లో గొడవలు ఉన్న రోజుల్లో అధికారులు వేరే పనిలో ఉంటారు, నిజమే. కనుకనే ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే నికానామా నకలు ఒకటి నమ్మకమైన ఖాలా ఇంట్లోనో, భాయి దగ్గరో ఉంచడం మంచిది. ఒక నోటుబుక్కులో తేదీ వేసి, ఆ రోజు ఆయన ఏమన్నాడో ఒక్క వాక్యం రాసుకోవడం ఇంకా మంచిది. కోర్టు సంగతి తర్వాత. ‘నేనెప్పుడన్నాను?’ అని ఆయన అన్న రోజున తెరిచి చూసుకోవడానికైనా పనికొస్తుంది.

‘సమయం కాదు’ అనేవారు ఒక్కసారి మదీనా నగరాన్ని తలుచుకోవాలి. బద్ర్, ఉహుద్, ఖందఖ్. ఏడాదికో యుద్ధం అన్నట్టున్న రోజులవి. లోపల కపటులు, బయట సైన్యాలు. అలాంటి ఏళ్ల మధ్యే ఖౌలా బింతె సఅలబా అనే స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. వయసంతా తనతో గడిపిన భర్త ఇప్పుడు నువ్వు నాకు తల్లి వీపు లాంటిదానివి అన్నాడని మొర పెట్టుకుంది. అజ్ఞాన కాలపు ఆచారం ప్రకారం ఆ మాటతో ఆమె అటు భార్యా కాదు, ఇటు స్వేచ్ఛా లేదు. జవాబు వెంటనే దొరక్కపోయినా ఆమె వదిలిపెట్టలేదు, వాదించింది. ఆమెను ఎవరూ ఓర్చుకొమ్మని వెనక్కి పంపలేదు. ఆమె మొరను అల్లాహ్ విన్నాడన్న సంగతితోనే దివ్య ఖుర్ఆన్‌లో ముజాదలా సూరా మొదలవుతుంది.

చాలా ఏళ్ల తర్వాత, హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో, ఆ ఖౌలాయే ముసలితనంలో ఆయనను దారిలో ఆపి మాట్లాడసాగిందని చెబుతారు. పెద్ద పెద్దవారిని నిలబెట్టి ఒక ముసలమ్మ మాట వింటున్నారేమని పక్కవారు విసుక్కున్నారు. ఆమె ఎవరో ఆయన వారికి చెప్పారు. రాత్రయినా సరే ఇక్కడే నిలబడి వింటానన్నారు. ఆమె మాట ముగిసే దాకా అందరూ దారిలోనే నిలబడ్డారు.