వెలుగు కాలువకు నీరుగంటి

హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట నుంచి బయలుదేరే ఎగువ కాలువ, దిగువ కాలువ బళ్లారి నేల మీదుగానే సాగి, ఒకటి అనంతపురం వైపు, మరొకటి కర్నూలు వైపు ఆంధ్రలోకి ప్రవేశిస్తాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటూ, బళ్లారి పట్టణంతో సహా మిగిలినవి మైసూరు వైపూ విడిపోయినప్పుడు ఆ నీటి పంపకాన్ని చూడడానికి తుంగభద్ర బోర్డును నియమించవలసివచ్చింది. కాలువకు బోర్డు ఉన్నట్టే ఈ ప్రాంతపు పల్లెల్లో చెరువు తూముకు నీరుగంటి ఉండేవాడు; ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో లెక్కగట్టి, వంతు రాగానే మడవ తిప్పి, వంతు తీరగానే కట్టివేయడం అతని పని. అదే పనిని సెకనుకు వేలసార్లు, వెలుగుతో చేసే యంత్రమొకటి ఇప్పుడు సరిహద్దుకు రెండు వైపులా ఊళ్లలో, చాలాచోట్ల కేబుల్ ఆపరేటరు గదిలో ఒక ఇనుప చట్రానికి బిగించి, ఫ్యాన్ల రొదతో నడుస్తూ ఉంటుంది. దాన్ని ఆప్టికల్ లైన్ టెర్మినల్ అంటారు. వాడేవాళ్లందరూ ఓఎల్‌టీ అనే పిలుస్తారు.

ఇంటర్నెట్ సంస్థ అమ్మేది వేగమని వాడుకరి అనుకుంటాడు గాని, అది అమ్మేది వంతు. ఇంటికి 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకు పది కోట్ల బిట్లు మోయగల కనెక్షన్ ఇచ్చామని చెప్పే సంస్థ, వెయ్యి ఇళ్లున్నాయి గనుక ఆ లెక్కన 100 గిగాబిట్ల దారిని బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో కొని తెచ్చిపెట్టదు; తెస్తే ఆ నెల బిల్లు ఎవరూ కట్టలేరు. అందరూ ఒకే క్షణంలో కుళాయి తిప్పరన్న నమ్మకం మీదనే ఈ వ్యాపారమంతా నిలబడింది. ఆ నమ్మకానికి గణిత రూపం ఇచ్చినవాడు కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎ. కె. ఎర్లాంగ్. టెలిఫోన్ పిలుపుల రాకకు సంభావ్యతా సూత్రాలు వర్తిస్తాయని 1909లో చూపిన ఆయన, ఇన్ని లైన్లు ఉంటే ఇన్ని పిలుపులు దారి దొరక్క వెనుదిరుగుతాయని చెప్పే సూత్రాన్ని 1917లో ప్రకటించాడు. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో ఇళ్ల కనెక్షన్లకు ఒక దారిని 50 మందికి మించి పంచకూడదనీ, వ్యాపార కనెక్షన్లకు 30 మందికి మించకూడదనీ హద్దు గీసినప్పుడు దాని వెనక ఉన్నది ఈ ఎర్లాంగ్ లెక్కే. అందుకే తెల్లవారుజామున చేసిన స్పీడ్ టెస్టు సంస్థ సామర్థ్యం కన్నా ఇరుగుపొరుగువారి నిద్రనే ఎక్కువగా కొలుస్తుంది.

భారత ప్రభుత్వం 2004లో బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు 256 కేబీపీఎస్ ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చు. ఆ హద్దు 2013లో 512కీ, 2023లో 2 ఎంబీపీఎస్‌కీ పెరిగింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టిన డేటావన్ సేవ టెలిఫోన్ రాగి తీగ మీదనే నడిచింది. రాగి కాలంలో ఎక్స్ఛేంజీ నుంచి ప్రతి ఇంటికీ విడిగా ఒక జత తీగలు వచ్చేవి గనుక ఆ చివరి దారిలో పంపకమన్న మాటే లేదు. కాని దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోయేది. గాజు పోగుకు, అంటే ఆప్టికల్ ఫైబరుకు, దూరం బాధ లేదు గాని ఖర్చు బాధ ఉంది: ఇంటికొక పోగు, పోగుకొక లేజరు చొప్పున ఎక్స్ఛేంజీలో పెట్టలేరు. 1980 దశకం చివర బ్రిటిష్ టెలికాం పరిశోధకులు దీనికి దారి చూపారు. ఎక్స్ఛేంజీ నుంచి ఒకే పోగు లాగి, వీధిలో దాన్ని చెట్టుకొమ్మల్లా చీల్చి, చీల్చే చోట కరెంటు అక్కర్లేని పరికరాన్ని పెడితే ఒకే లేజరు ఎన్నో ఇళ్లకు సరిపోతుంది. ఆ ఆలోచన ఎన్నో మెట్లు దాటి 2003లో అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణంగా స్థిరపడి, జీపాన్ అనే పేరుతో ప్రపంచమంతా పాకింది.

చీల్చే ఆ పరికరమే స్ప్లిటర్. మీద పడిన పోగులన్నీ తీసి చూస్తే అసలు వస్తువు వేలంత కూడా ఉండదు. లోపల ఒక సన్నని గాజు పలక మీద వెలుగు దారి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా, అలా ఐదు మలుపుల్లో 32గా చీలుతుంది. తీగ లేదు, బ్యాటరీ లేదు, ఫ్యాను లేదు. 40 డిగ్రీలు దాటే బళ్లారి ఎండలో స్తంభానికి వేలాడే పెట్టెలో ఏళ్ల తరబడి పడి ఉన్నా దానికి ఏమీ కాదు. అయితే ప్రతి చీలిక దగ్గర వెలుగు సగం అవుతుంది. ఈ తగ్గుదలను డెసిబెళ్లలో కొలుస్తారు; 3 డెసిబెళ్లు తగ్గితే సగం, 30 తగ్గితే వెయ్యో వంతు. ఐదు చీలికలకు 15, పదార్థంలో పోయేదానితో కలిపి ఇంచుమించు 17 డెసిబెళ్లు స్ప్లిటర్ దగ్గరే ఖర్చయిపోతాయి. ఓఎల్‌టీ నుంచి రెండు మిల్లీవాట్ల వెలుగు బయలుదేరితే, రెండు మైక్రోవాట్లు మిగిలినా ఇంట్లోని పెట్టె దాన్ని చదవగలదు. అంతకు తగ్గితే చదవలేదు. మెలితిరిగిన తీగ, సరిగా బిగించని కనెక్టర్, తలుపు సందులో నలిగిన డ్రాప్ కేబుల్, ఇవన్నీ ఆ కొద్దిపాటి నిల్వలోంచి దోచుకునేవే.

వెలుగు ఇంటికి వచ్చే దారిలో పెద్ద చిక్కు లేదు. ఓఎల్‌టీ పంపినదంతా 32 ఇళ్లకూ చేరుతుంది. ఓఎన్‌టీ అని పిలిచే ఇంటి పెట్టె (వాడుకలో మోడెం) తన పేరున్న మూటను మాత్రమే తీసుకుని మిగతావి వదిలేస్తుంది. పక్కింటివాడి ఉత్తరం కూడా గుమ్మం దాకా వస్తుందన్నమాట. అందుకని మూటలకు రహస్య తాళం వేస్తారు. ఆ తాళం చెవిని ఇంటి పెట్టే తయారుచేసి పైకి పంపుతుంది, ఎందుకంటే పైకి వెళ్లే వెలుగు నేరుగా ఓఎల్‌టీకే పోతుంది తప్ప పక్కిళ్లకు కనిపించదు.

చిక్కంతా పైకి వెళ్లే దారిలోనే. రెండు పెట్టెలు ఒకేసారి వెలిగితే స్ప్లిటర్ దగ్గర రెండు వెలుగులూ కలిసిపోయి ఏదీ చదవడానికి రాదు. కనుక ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క వంతు, వంతు కాని సమయంలో దాని లేజరు పూర్తిగా ఆరిపోవాలి. నీరుగంటి కాలువ గట్టు మీద నడిచి చూసుకుంటాడు గాని ఇక్కడ ఆ వీలు లేదు. గాజులో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. ఓఎల్‌టీ గది పక్కనే అర కిలోమీటరు దూరంలో ఒక ఇల్లూ, 12 కిలోమీటర్ల అవతల తోటలో మరొక ఇల్లూ ఉంటే, రానూపోనూ మొదటిదానికి 5, రెండోదానికి 120 మైక్రోసెకన్లు పడతాయి. ఇద్దరికీ ఒకే గడియారం ఇచ్చినా మాటలు ఢీకొంటాయి. అందుకని కొత్త పెట్టె వెలగగానే ఓఎల్‌టీ మిగతావాళ్లందరినీ ఒక్క క్షణం మౌనంగా ఉంచి, దాన్ని పలకరించి, జవాబు రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. దగ్గరి పెట్టెను దూరపు పెట్టె కన్నా 115 మైక్రోసెకన్లు ఎక్కువ ఆగి మాట్లాడమంటుంది. దీనితో 32 ఇళ్లూ లెక్కప్రకారం ఒకే దూరంలో ఉన్నట్టు అవుతాయి. ఈ కొలత ఎంత నిశితమో తెలియాలంటే, సెకనుకు 124 కోట్ల బిట్లు పోయే ఆ దారిలో ఒక్కొక్క బిట్టు పొడవు గాజులో 16 సెంటీమీటర్లు మాత్రమే, జానెడు కూడా ఉండదని గుర్తుంచుకోవాలి.

వంతులు సమానంగా పంచడం కూడా తెలివైన పని కాదు. ఎండిన మడి ఒకటి, నిండిన మడి ఒకటి ఉన్నప్పుడు ఇద్దరికీ గంట చొప్పున పారిస్తే నీరు వృథా. పెట్టెలు తమ దగ్గర పంపవలసినది ఎంత పేరుకుందో ఎప్పటికప్పుడు చెప్పుకుంటాయి. వీడియో కాల్‌లో ఉన్న ఇంటికి వంతు పెరిగి, తాళం వేసుకుని ఊరికి వెళ్లిన ఇంటికి పలకరింపు మాత్రమే మిగులుతుంది. ఈ పంపకమంతా 125 మైక్రోసెకన్లకు ఒకసారి, సెకనుకు 8000 సార్లు తిరుగుతుంది. ఆ 8000 ఇంటర్నెట్ కోసం పుట్టిన అంకె కాదు. మనిషి గొంతును అంకెలుగా మార్చేటప్పుడు సెకనుకు 8000 సార్లు నమూనా తీస్తే మాట స్పష్టంగా వినిపిస్తుందని టెలిఫోన్ ఇంజనీర్లు నిర్ణయించారు. 1962లో అమెరికాలో బెల్ సంస్థ వాడుకలోకి తెచ్చిన టీ1 లైన్లు ఆ లయనే పాటించాయి. సినిమాలూ ఆటలూ మోస్తున్న నేటి యంత్రం గుండె ఇంకా ఆ పాత టెలిఫోన్ తాళానికే కొట్టుకుంటోంది.

ఈ యంత్రానికి మన దేశంలోనూ ఒక పుట్టిల్లు ఉంది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్, ఏసీ గది లేకుండా పల్లె ఎండలో పనిచేసే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేసి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిసారి నెలకొల్పింది. అదే సంస్థ తర్వాత రూపొందించిన జీపాన్ పరికరాలు పంచాయతీలకు ఫైబర్ చేర్చే జాతీయ పథకంలోకి వెళ్లాయి. 2011లో ఆమోదం పొందిన ఆ పథకాన్ని ముందుగా ప్రయోగించి చూసిన మూడు చోట్లలో అప్పటి విశాఖపట్నం జిల్లా పరవాడ ఒకటి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నేల తవ్వకుండా, కరెంటు స్తంభాల మీదనే ఇంచుమించు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇస్తామంది. ఇంటి దాకా ఆఖరి తీగ లాగే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లది. ఆ ప్రభుత్వ కేబుల్ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. గుంతకల్లు నుంచి బళ్లారికి రైలు గంటలో చేరుతున్నా, లైసెన్సు ఆ రైలెక్కదు. 2013 నాటి ఏకీకృత లైసెన్సు విధానంలో చిన్న సంస్థకు ఇంచుమించు ఒక జిల్లా పరిధి, మధ్యస్థ సంస్థకు ఒక టెలికాం సర్కిలు. బళ్లారి కర్ణాటక సర్కిల్లో ఉంది, గుంతకల్లు ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో ఉంది. విచిత్రమేమిటంటే రాష్ట్రం విడిపోయినా తెలంగాణ ఇంకా ఆ ఆంధ్రప్రదేశ్ సర్కిల్లోనే కొనసాగుతోంది.

ఓఎల్‌టీకి అవతల సంస్థ చేసే పని గుమాస్తాగిరీకి దగ్గరగా ఉంటుంది. వినియోగదారుడి పేరు, రహస్యపదం, రీఛార్జ్ గడువు సరిచూసి లోపలికి వదిలేది రేడియస్ అనే లెక్కల సర్వరు. 1990 దశకంలో డయలప్ కాలానికి పుట్టిన ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పాత రకం ఇంటర్నెట్ చిరునామాలు ఆసియాలో 2011 ఏప్రిల్‌కే కరువు దశకు చేరుకున్నాయి గనుక ఎన్నో ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక దాచి నడుపుతారు. ఎక్కువమంది చూసే వీడియోల నకళ్లను వీలైనంత దగ్గరి ఊళ్లో నిల్వ ఉంచుతారు. అన్నిటికన్నా ఎక్కువగా చూసేది మాత్రం గ్రాఫును. 1990 దశకం మధ్యలో టోబియాస్ ఓటికర్ ఇంగ్లండులో తన సంస్థకున్న ఒకే ఒక్క 64 కేబీపీఎస్ లైను ఎంత నిండుతోందో చూసుకోవడానికి రాసుకున్న ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాము నుంచి వచ్చిన ఆ గీత, రాత్రి భోజనాల తర్వాత కొండలా లేచి, అర్ధరాత్రి దాటాక కుంగుతుంది. ఆ శిఖరం లైను సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్నది ట్రాయ్ 2006లో పెట్టిన నియమం.

చెడినప్పుడే యంత్రపు తెలివి బయటపడుతుంది. ఇంటి పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే వెలుగు అందడం లేదని అర్థం. అయితే ఓఎల్‌టీకి పెట్టె పలకకపోవడానికి కోసుకుపోయిన ఫైబరు ఒక కారణమైతే, పోయిన కరెంటు మరొకటి. మొదటిదానికి మనిషిని పంపాలి, రెండోదానికి ఊరుకోవాలి. ఈ తేడా తెలియడానికి పెట్టెలో ఒక చిన్న ఏర్పాటు ఉంది: కరెంటు పోయిన మరుక్షణం, కెపాసిటర్‌లో మిగిలిన కాస్త శక్తితో అది ఓఎల్‌టీకి ఒక కబురు పంపి ఆరిపోతుంది. ఇంజనీర్లు దానికి కొన ఊపిరి అనే అర్థమిచ్చే పేరే పెట్టారు. కొన ఊపిరి కబుర్లు వీధంతా ఒకేసారి వస్తే కరెంటు కోత. ఏ కబురూ లేకుండా 32 పెట్టెలూ మాయమైతే ఎక్కడో జేసీబీ పని మొదలైందన్నమాట.

అప్పుడు ఓటీడీఆర్ బయటికి వస్తుంది. అది ఫైబరులోకి ఒక వెలుగు తునకను వదిలి, దారి పొడవునా గాజు వెనక్కి చిమ్మే మసక వెలుగు ఎప్పుడు తెగిపోయిందో చూస్తుంది. 42 మైక్రోసెకన్ల దగ్గర తెగితే రానూపోనూ లెక్కన తెగిన చోటు 4.2 కిలోమీటర్ల అవతల ఉంది. అది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. స్తంభాల మీద చుట్టి వదిలిన మిగులు తీగ పొడవును లెక్కలోంచి తీసివేసి, తొడుగు మీద మీటరు మీటరుకూ అచ్చువేసిన అంకెలతో సరిచూసుకోవాలి. చోటు దొరికాక పోగుల రంగులు చూసి, నీలానికి నీలం, నారింజకు నారింజ జత చేసి, కొనలు ఆల్కహాలుతో తుడిచి, అద్దంలా కోసి, స్ప్లైసింగ్ యంత్రంలో ఎదురెదురుగా పెడితే, విద్యుత్ మెరుపు ఒకటి రెండిటినీ కరిగించి ఒకటి చేస్తుంది. వెలుగు నడిచే నడిమి దారి మందం 9 మైక్రాన్లు, తల వెంట్రుకలో ఏడో ఎనిమిదో వంతు. సండూరు గనుల నుంచి ఖనిజం మోసే లారీలు తిరిగే దారి పక్కన ఆ పని చేయవలసివస్తే, ఒక్క ఎర్ర దుమ్ము రేణువు చాలు, దారి మొత్తం మూసుకుపోవడానికి.

2016లో వచ్చిన ఎక్స్‌జీఎస్-పాన్ ప్రమాణం రెండు వైపులా సెకనుకు సుమారు 10 గిగాబిట్లు మోస్తుంది. పాత జీపాన్ 1490, 1310 నానోమీటర్ల రంగులను వాడితే, ఇది 1577, 1270లను వాడుతుంది గనుక రెండూ ఒకే పోగులో, ఒకదాని జోలికి మరొకటి పోకుండా నడుస్తాయి. గదిలో ఓఎల్‌టీ మారుతుంది, కోరుకున్న ఇంట్లో పెట్టె మారుతుంది. స్తంభం మీద ఎండకు రంగు వెలిసిన పెట్టెలోని స్ప్లిటర్‌ను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, వంతుల చుట్టూ తిరిగే 125 మైక్రోసెకన్ల తాళమూ మారలేదు.