మన కుళాయి నీళ్లు ఏ చేపకు నచ్చుతాయి?

ఒకే అక్వేరియంలో గప్పీ హుషారుగా ఈదుతుంటే, నియాన్ టెట్రా ఓ మూల నీరసంగా ఉండొచ్చు. ఎందుకలా?

నేలలోని రాళ్ల నుంచి కాల్షియం, మెగ్నీషియం నీళ్లలో కరుగుతాయి. అవి ఎక్కువైతే అది కఠినజలం. బోరు నీళ్లు చాలాచోట్ల ఇలాంటివే. సబ్బుకు సరిగా నురగ రాదు, నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది.

ఈ తేడా చేపకెందుకు ముఖ్యం? నానబెట్టిన ఎండుద్రాక్షలోకి నీరు చేరినట్టే, మొప్పల గుండా మంచినీటి చేప ఒంట్లోకి నీరు చేరుతూనే ఉంటుంది. ఒంట్లోని లవణాలేమో బయటికి జారిపోతుంటాయి. అందుకే చేప అదనపు నీటిని మూత్రంగా వదిలేస్తూ, లవణాలను మొప్పలతో మళ్లీ లోపలికి తీసుకుంటుంది. ఒక్కో జాతి ఈ పనిని తను పుట్టిన నీళ్లకు తగ్గట్టు నేర్చుకుంది. నియాన్ టెట్రాది అమెజాన్ ప్రాంతం. అక్కడి వాగుల్లో ఖనిజాలు బహు తక్కువ. గప్పీ, మోలీలకు కఠినజలమే హాయి.

చేపలు కొనేముందు నీటిని పరీక్షించే పట్టీని మీ కుళాయి నీళ్లలో ముంచి చూడండి. నీళ్లను మార్చడం కన్నా, వాటికి తగ్గ చేపను ఎంచుకోవడమే తేలిక!