కళాశాలల పేర్లు, పొడి అక్షరములు, చిహ్నములు: తుడియలూరు వైపు తెలుగువారి కొన్ని గుర్తులు

తుడియలూరు కోయంబత్తూరునకు ఉత్తరమున మేట్టుపాళయము రోడ్డుమీద నున్న ఊరు. 2011లో ఇది కోయంబత్తూరు నగరపాలక సంస్థలో చేరినది. ఈ ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో తమిళమును ఆంగ్లమును నేర్చుచు వచ్చినవి. ఇచటి విద్యార్థి నొకనిని ఏ కళాశాలలో చదువుచున్నావని అడిగినచో సాధారణముగా మూడక్షరములే ప్రత్యుత్తరముగా వచ్చును: పి.ఎస్.జి., సి.ఐ.టి., జి.సి.టి. ఆ అక్షరముల వెనుక నున్న దెవరని అడిగినచో మాత్రము సమాధానము అంత త్వరగా రాదు. ఈ వ్యాసమున విచారింపదలచిన విషయ మిదియే.

మొదట పి.ఎస్.జి. మాట. ఇందలి అక్షరములు వరుసగా పీలమేడు, సామనాయుడు, గోవిందస్వామి అను మూడు పేర్లకు గుర్తులు. అనగా ఊరు, తండ్రి, తాను. పి.ఎస్. గోవిందస్వామినాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తి పంచుకొను తరుణమున ధర్మకార్యములకై ఐదవ భాగ మొకటి ఏర్పరచి, 1926లో పి.ఎస్.జి. అండ్ సన్స్ ధర్మసంస్థను స్థాపించిరి. దానినుండి 1947లో ఆర్ట్స్ కళాశాల, 1951లో సాంకేతిక కళాశాల వెలసినవి. 1963లో స్త్రీల కొరకు ఏర్పడిన కృష్ణమ్మాళ్ కళాశాల పేరునకు ముందు పి.ఎస్.జి.ఆర్. అని నాలుగక్షరము లుండును. చివరి అక్షరము రంగస్వామిగారిది. ఒక్క అక్షరము చేరుటతో ఒక తరము చేరినది.

ఇచట ఆంధ్రదేశపు పాఠకులు గమనింపవలసిన భేద మొకటి కలదు. ఆంధ్రమున పేరునకు ముందుండు అక్షరము సాధారణముగా ఇంటిపేరును తెలుపును. తమిళదేశమున స్థిరపడిన తెలుగువారిలో పెక్కుమంది అచటి ఆచారము ననుసరించి ఊరిపేరును, తండ్రి పేరును సూచించు అక్షరములనే వ్రాయుచున్నారు. జి.డి. నాయుడుగారి పేరులో మొదటి అక్షరము తండ్రి గోపాలస్వామిగారిది, రెండవది దొరస్వామి యను తమ పేరునకు గుర్తు. కావున ఈ అక్షరములను ఇంటిపేర్లని భావించి వంశములను వెదకువారు పొరపడుదురు.

రెండవ కళాశాల సి.ఐ.టి. ఇదియు పీలమేటి ప్రాంతముననే, పి.ఎస్.జి. సాంకేతిక కళాశాలకు చేరువలోనే 1956లో ఆరంభమైనది. స్థాపించినది వి. రంగస్వామినాయుడు విద్యాధర్మసంస్థ. ఐనను దాని మూడక్షరములలో దాత పేరు లేదు, ఊరి పేరు మాత్రమే కలదు. తుడియలూరునకు సమీపమున వట్టమలైపాళయములో 1994లో ఏర్పడిన శ్రీరామకృష్ణ ఇంజనీరింగు కళాశాలను నడపు ధర్మసంస్థ పేరు ఎస్.ఎన్.ఆర్. సన్స్. అందును చివరి అక్షరము రంగస్వామినాయుడుగారిదే. ఇట్లు ముగ్గురు రంగస్వామినాయుళ్లు మూడు విద్యాసంస్థల కుటుంబములకు సంబంధించి యున్నారు. ఈ నామము ఇంత విరివిగా నుండుటలో వింత లేదు. తుడియలూరునుండి ఇదే మార్గమున ఉత్తరమునకు పోయినచో కారమడై రంగనాథస్వామి ఆలయము కలదు. ముగ్గురిని వేరు చేయునవి ముందున్న పొడి అక్షరములే. వానిని తొలగించినచో ఒకరి దానము మరియొకరి ఖాతాలో చేరును.

ఇదే మార్గమున మరియొక చిక్కు కలదు. పెరియనాయకన్‌పాళయమున టి.ఎస్. అవినాశిలింగముగారు 1930లో స్థాపించిన రామకృష్ణ మిషన్ విద్యాలయము వేరు, పైన చెప్పిన శ్రీరామకృష్ణ కళాశాల వేరు. రామకృష్ణా కాలేజి అని మాత్రము అడిగిన కొత్తవాడు ఏ యూరిలో దిగునో చెప్పలేము.

జి.సి.టి. కథ ఇంకను చిత్రమైనది. 1945లో జి.డి. నాయుడుగారి పూనికతో పీలమేటి ప్రాంతమున ఏర్పడిన సాంకేతిక కళాశాలకు నాటి మదరాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టిరి. పిమ్మట కళాశాల తడాగము రోడ్డునకు తరలిపోయి, ప్రభుత్వ సాంకేతిక కళాశాల యను పేరు ధరించినది. కళాశాల పోయినను అవినాశి రోడ్డున ఆ చోటునకు హోప్ కాలేజి యను పేరు నిలిచినది. నేటికిని బస్సులలో హోప్స్ అని టిక్కెట్టు అడుగుదురు. పూనుకొన్నవాని పేరు ఆ స్థలమునకు అంటలేదు, గవర్నరు పేరు అంటినది.

అమెరికా విశ్వవిద్యాలయములలో ఈ గుర్తింపు సమస్యకు వేరొక ఉపాయము కనుగొనిరి. అచట పెక్కు సంస్థలకు ఒక రంగు, మాస్కట్ అనబడు ఒక ప్రాణియో వీరుడో ఆటలయందు చిహ్నముగా నుండును. యేల్ విశ్వవిద్యాలయము 1889 నుండి హ్యాండ్‌సమ్ డాన్ అను బుల్‌డాగ్‌ను తన చిహ్నముగా పోషించుచున్నది. ఐనను చిహ్నమొక్కటియే చాలదు. నదులకు కొమ్మలతో ఆనకట్టలు కట్టు బీవరు అను జంతువును ఇంజనీరులకు తగినదని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ 1914లో స్వీకరించినది. దానికి ప్రతిస్పర్ధి యగు కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ చిహ్నమును బీవరే. పైగా ఆ రెండవ సంస్థ పేరును పొడి అక్షరములలో వ్రాసినచో సి.ఐ.టి. యనియే వచ్చును. అది మన కోయంబత్తూరు సంస్థ అక్షరములే గదా! మయామి పేరుగల విశ్వవిద్యాలయములును రెండు. 1809లో ఏర్పడినది ఒహాయో రాష్ట్రమున, 1925లో ఏర్పడినది ఫ్లోరిడాలో నున్నవి.

హోప్ కాలేజి అను పేరును మనకే పరిమితము కాదు. మిషిగన్ రాష్ట్రమున హాలండు అను పట్టణములో 1866లో అధికారపత్రము పొందిన హోప్ కళాశాల కలదు. అచట హోప్ అనగా ఆశ, ఇచట ఒక గవర్నరు ఇంటిపేరు. దాని క్రీడాకారులకు ఆ పట్టణమును నెలకొల్పిన డచ్చివారిని బట్టి ఫ్లయింగ్ డచ్‌మెన్ అని పేరు. ప్రతిస్పర్ధి యగు కాల్విన్ సంస్థవారి మాస్కట్ నైట్, అనగా అశ్వికవీరుడు. కాల్వినైట్స్ అను మాటను పత్రికా విలేఖరి ఒకరు కాల్విన్ నైట్స్ అని పొరపాటున వినుటవలన ఆ చిహ్నము పుట్టినదని చెప్పుదురు. తప్పుగా వినబడిన మాట సైతము కవచము ధరించి మైదానమున నిలిచినది!

ఈ పోలికవలన తేలున దేమనగా, జనము దేనిని పిలుచునో అదియే నిలుచును, పత్రములలో నున్నది కాదు. అమెరికావారు తమ చిహ్నముల పుట్టుకను కొత్త విద్యార్థులకు కథగా చెప్పుకొందురు. మన చిహ్నములు అక్షరములు. వానికి కథ చెప్పువారు తగ్గుచున్నారు. బడిలో తెలుగు చదువని మన పిల్లలకు నాయుడు అను మాట పూర్తిగా వ్రాయబడి కనబడు చోట్లలో ఈ సంస్థల పూర్తి నామము లొకటి. అక్షరములే మిగిలి, వాని విప్పు మరుగైనచో, తెలుగువాడు దానము చేసెనను సంగతియు మరుగగును.

కావున మూడు చిన్న పనులు చేయదగును. ఇంటిలో పిల్లలకు పి.ఎస్.జి. మొదలగు అక్షరముల విప్పు చెప్పవలెను. మన సంఘముల పత్రికలలోను ఆహ్వానములలోను దాతల పేర్లు ఒక్కసారియైనను పూర్తిగా ముద్రింపవలెను. విదేశములకు దరఖాస్తు పంపు విద్యార్థి సి.ఐ.టి. అని వ్రాసి ఊరకుండక, ఊరి పేరుతో సంస్థ పూర్తి నామమును వ్రాయవలెను. వీనికి ధనము అక్కరలేదు. హోప్స్ దగ్గర బస్సు ఆగినపుడు, ఇచట కళాశాల నేర్పరచుటకు పూనుకొన్నది జి.డి. నాయుడుగారని ప్రక్కనున్న పిల్లవానికి చెప్పుటకు రెండు నిమిషములు చాలును.