గ్రామఫోను పెట్టె నుండి కంప్యూటరు పెట్టెకు

క్షణంలో పుట్టి క్షణంలో గాలిలో కలిసిపోవడం ధ్వనికి సహజ లక్షణం. అటువంటి ధ్వనిని పట్టి నిలపడం సాధ్యమేనని 1877లో ఎడిసన్ తన ఫోనోగ్రాఫుతో నిరూపించాడు. పదేళ్ళ తరువాత, 1887లో, ఎమిల్ బెర్లినర్ చదునైన పళ్ళెం మీద ధ్వనిని ముద్రించే గ్రామఫోనుకు రూపకల్పన చేశాడు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బెర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించడంతో ఆ విద్య మన దేశంలో అడుగుపెట్టింది. ఈ చరిత్ర అంతా పాఠకులలో చాలామందికి విదితమే. ఆ చరిత్రలోని ఒక చిన్న తునక మా ఇంటి అటక మీద రెండు చెక్కపెట్టెలలో ఉండిపోవడమే ఈ వ్యాసానికి కారణం.

2016లో మా తండ్రిగారు కాలధర్మం చెందారు. మరుసటి సంవత్సరం తెనాలి సమీపంలోని మా స్వగ్రామంలో ఇల్లు ఖాళీ చేసి, మా అమ్మగారిని మన టౌన్‌షిప్‌లోని క్వార్టరుకు తీసుకువచ్చాను. ఆమెతోపాటు వచ్చిన సామానులో ఒక పాత హార్మోనియం, రెండు పెట్టెల రికార్డులు ఉన్నాయి. లెక్కపెట్టగా 78 చుట్ల రికార్డులు 140, లాంగ్‌ప్లే రికార్డులు 46 తేలాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి రంగస్థల దిగ్గజాల గాత్రం మొదలుకొని ఘంటసాల భగవద్గీత, శంకరాభరణం పాటల వరకు అందులో ఉన్నాయి. వీటన్నిటినీ ఇంట్లోని కంప్యూటరులోకి ఎక్కించాలని సంకల్పించాను. వృత్తిరీత్యా ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరును గనుక ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాను. ఎంత పొరపాటు పడ్డానో ముందు ముందు మనవి చేస్తాను.

లక్క పళ్ళెం, వినైల్ పళ్ళెం

ముందుగా రికార్డుల స్వభావం తెలుసుకోవాలి. పాత 78 చుట్ల రికార్డు వినైల్‌తో చేసినది కాదు. మోదుగ వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు స్రవించే లక్కకు రాతిపొడి, మసి కలిపి అచ్చువేసినది. జారిపడితే కుండపెంకులా పగులుతుంది. అంతేకాదు, లక్క ఆల్కహాలులో కరుగుతుంది. వినైల్ రికార్డులను శుభ్రపరచడానికి కొందరు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలును 78 రికార్డు మీద పోస్తే గాడులు శాశ్వతంగా చెడిపోతాయి. డిస్టిల్డ్ వాటరులో రెండు మూడు చుక్కల తేలికపాటి సబ్బుద్రవం కలిపి, మెత్తని గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడిచి, మధ్యనున్న లేబులు తడవకుండా జాగ్రత్తపడి, నీడపట్టున నిలువుగా ఆరబెట్టడం క్షేమం.

1948లో లాంగ్‌ప్లే రికార్డు వచ్చింది. దీని వేగం నిమిషానికి ముప్పైమూడుంబావు చుట్ల పైచిలుకు. గాడి సన్నం. అందువలన ముల్లు కూడా మారాలి. 78 రికార్డుకు దాదాపు 75 మైక్రాన్ల మొన గల ముల్లు అవసరం కాగా, లాంగ్‌ప్లేకు 18 నుండి 25 మైక్రాన్లు చాలు. సన్నని ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగున పడి దొర్లుతూ పాట కంటె బరబర శబ్దాన్నే ఎక్కువగా వినిపిస్తుంది.

ముల్లు కదలిక నుండి పుట్టే విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. దానిని ప్రీ-ఆంప్లిఫయరు ద్వారా పెంచి కంప్యూటరుకు అందించాలి. ఈ ప్రీ-ఆంప్లిఫయరుకు మరొక బాధ్యత కూడా ఉన్నది. మంద్ర స్వరాలను ఉన్నవి ఉన్నట్లు చెక్కితే గాడి ఊగిసలాడి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. కనుక ముద్రించేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచుతారు. వినేటప్పుడు దానికి సరిగ్గా విరుద్ధంగా సవరించుకోవాలి. ఈ సవరణకు 1954లో అమెరికాలో స్థిరపడిన ప్రమాణమే ఆర్.ఐ.ఎ.ఎ. అంతకు ముందరి రికార్డులలో ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి.

అన్నీ కలిపి మొదటిసారి మీట నొక్కగానే స్పీకరులో పాట బదులు ఒకటే హోరు. రెండు పరికరాలు వేర్వేరు ప్లగ్గుల నుండి ఎర్తు తీసుకోవడం వలన పుట్టిన 50 హెర్ట్‌జుల హోరు అది. ప్లాంటులో ఎర్తింగు గురించి కొత్త ట్రైనీలకు పాఠాలు చెప్పే నేను, ఇంట్లో అదే తప్పు చేసి రెండు ఆదివారాలు వెదుక్కున్నాను. రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించగానే హోరు మాయమైనది.

లాగ్‌బుక్కులో పాట

ధ్వని అంకెలుగా ఎలా మారుతుందని మా అమ్మాయి అడిగినప్పుడు నేను చెప్పిన ఉపమానమే ఇక్కడా చెబుతాను. కంట్రోల్ రూములో చార్టు రికార్డరు పెన్ను కాగితం మీద ఎడతెగకుండా గీసే గీత గ్రామఫోను గాడి వంటిది. అదే ఉష్ణోగ్రతను ఆపరేటరు నిర్ణీత వ్యవధిలో చూసి లాగ్‌బుక్కులో అంకెలుగా రాస్తే అది డిజిటల్ నమోదు. రీడింగులు ఎంత దగ్గర దగ్గరగా తీసుకుంటే గీతను అంత యథాతథంగా తిరిగి గీయవచ్చు. మనిషి చెవి వినగలిగే గరిష్ఠ పౌనఃపున్యం దాదాపు 20,000 హెర్ట్‌జులు. నమూనాల సంఖ్య దానికి రెట్టింపును మించాలి. అందుకే కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 సార్లు, ఒక్కొక్కసారి 65,536 మెట్లలో కొలుస్తారు. ఈ లెక్కన స్టీరియోలో ఒక నిమిషానికి పదిన్నర మెగాబైట్లు అవుతాయి. నేను సెకనుకు 96,000 నమూనాలు, 24 బిట్ల పద్ధతి ఎంచుకున్నాను. నిమిషానికి సుమారు 35 మెగాబైట్లు.

మొత్తం లెక్క వేసుకున్నాను. 78 రికార్డులు పక్కకు మూడు నిమిషాల చొప్పున 14 గంటలు, లాంగ్‌ప్లేలు నలభై నిమిషాల చొప్పున 30 గంటల 40 నిమిషాలు. అంతా కలిపి 93 గిగాబైట్లకు మించదు. నేటి డిస్కులలో అది ఒక మూలకు సరిపోతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పనికి చాలు. నెల రోజుల పని అని నిర్ణయించుకుని ఉత్సాహంగా 23 రికార్డులు పూర్తిచేశాను. ప్రతి పాటలోని బరబరను సాఫ్ట్‌వేరుతో కడిగివేశాను. పాట నిశ్శబ్దం మీద తేలుతున్నట్లు అనిపించి మురిసిపోయాను. ఇక ముడి నకళ్ళతో పని లేదని వాటిని చెరిపివేశాను. నేను చేసిన అసలు తప్పు ఇదే.

అమ్మ ఇచ్చిన తీర్పు

ఒక ఆదివారం సాయంత్రం కపిలవాయి వారి పద్యం అమ్మకు వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

"గొంతు ఆయనదేరా. కాని శ్రుతి పైకి పోయింది. వెనకనుంచి ఎవరో తరుముతుంటే పాడుతున్నట్లుంది. అదీగాక 'స'కారాలన్నీ ఎక్కడికి పోయాయిరా? పళ్ళులేని వాడు చదివినట్లుంది" అన్నది.

వయసు మీద పడిన చెవి అనుకున్నాను గాని, ఎందుకైనా మంచిదని పరీక్షకు పూనుకున్నాను. రికార్డు అంచున తెల్ల కాగితం చుక్క అంటించి స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాను. మూడు నిమిషాలకు 234 చుట్లు తిరగవలసినది 240 తిరిగింది. అంటే నిమిషానికి 78 కాదు, 80. పాత సామాను బజారులో కొన్న ప్లేయరు మోటారు రెండున్నర శాతం వేగంగా నడుస్తున్నది. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు పైకి పోతుంది. ఇక్కడి తేడా అర మెట్టు కూడా లేదు. నాలుగు మీటర్లు ముందు పెట్టుకుని నేను పట్టలేని ఆ తేడాను ఆమె ఏ పరికరమూ లేకుండా పట్టుకున్నది.

ఎలా తెలిసిందని అడిగాను. 1962లో ఆమె కాపురానికి వచ్చేనాటికి ఇంట్లో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను ఉండేది. దాని వేగాన్ని హెచ్చుతగ్గులు చేసే మర ఒకటి పక్కన ఉండేది. నాన్నగారు పద్యం వేసి, హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కిపట్టి, రెండూ కలిసేదాకా మర తిప్పి, కలిసిన తరువాతనే మళ్ళీ మొదటినుండి వేసేవారట. ఏ పద్యానికి ఏ మెట్టు అన్నది ఆయనకు మా తాతగారు చెప్పినది. తాతగారు ఆ నాటకాలను తెనాలిలో తెరముందు కూర్చుని చూసినవారు.

ఈ మాట వినగానే నా వృత్తి నాకు గుర్తుకు వచ్చింది. మన ప్లాంటులోని ప్రెషర్ గేజీని వర్కింగ్ స్టాండర్డుతో సరిచూస్తాము. దానిని అంతకంటె నమ్మకమైన మరొక స్టాండర్డుతో సరిచూస్తారు. ఆ గొలుసు చివరికి న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ దాకా వెళుతుంది. మధ్యలో ఒక్క లంకె తెగినా గేజీ చూపే అంకెకు విలువ లేదు. రంగస్థలం నుండి తాతగారికి, ఆయన నుండి నాన్నగారికి, వారి నుండి అమ్మకు అటువంటి గొలుసే వచ్చింది. చివరి లంకె మా ఇంటి వసారాలో కూర్చుని ఉండగా, నేను స్క్రీను మీది గీతలను నమ్ముకున్నాను.

ఇక 'స'కారాల సంగతి. సాఫ్ట్‌వేరుకు బరబర ఏదో, 'శ', 'ష', 'స'ల ఊపిరి ఏదో తెలియదు. రెండూ ఒకే పౌనఃపున్యాల పరిధిలో ఉంటాయి. అదేవిధంగా ఎడతెగకుండా మోగే తంబుర నాదాన్ని కూడా రొదగా భ్రమించి పలుచన చేస్తుంది. వేగాన్ని కంప్యూటరులోనే సరిదిద్దవచ్చు గాని, ఒకసారి కడిగివేసిన అక్షరాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు. 23 రికార్డులనూ మళ్ళీ మొదటినుండి ఎక్కించక తప్పలేదు. వాటిలో 22 మాత్రమే ఎక్కించగలిగాను. ఇరవైమూడవది పెట్టెలోనుండి తీస్తుండగా నా చేతిలోనుండే జారి గచ్చుమీద మూడు ముక్కలైనది. ఆ పాటకు ఇప్పుడు మా వద్ద మిగిలినది నేను 'శుభ్రం' చేసిన నకలు ఒక్కటే. ముక్కలను ఏరుతూ అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది.

ఆదివారపు పరీక్షలు

ఆ తరువాత పద్ధతి మార్చుకున్నాను. ముల్లు నుండి వచ్చినది వచ్చినట్లు నమోదు చేసి, దానికి 'మాతృక' అని పేరు పెట్టి, ఎన్నడూ ముట్టుకోను. సవరణలన్నీ దాని నకలు మీదనే. 78లను కూడా స్టీరియోలోనే ఎక్కించి, నకలులో రెండు పక్కలనూ కలుపుతాను. ఈ రికార్డులలో పాట గాడి అడ్డకదలికలో ఉంటుంది గనుక, నిలువు కదలిక వలన పుట్టే రొద ఈ కలపడంలో చాలావరకు రద్దవుతుంది. అక్షరానికి హాని కలగదు. ప్రతి లేబులుకు ఫొటో తీసి, లేబులు అంచున చెక్కిన సంఖ్యను కూడా నోటుబుక్కులో ఎక్కించాను.

ప్రతి ఆదివారం మూడు నాలుగు రికార్డులు అమ్మకు వినిపించేవాడిని. హార్మోనియం ఆమె ఒడి దగ్గర ఉండేది. "ఇంకాస్త తగ్గించు... చాలు" అనగానే ఆ వేగాన్ని రాసుకునేవాడిని. కొన్ని పాత రికార్డులు 78 వద్ద కాక 76 వద్ద శ్రుతి కలిశాయి. తొలినాళ్ళలో అన్ని రికార్డులనూ కచ్చితంగా 78 చుట్ల వద్దనే ముద్రించలేదని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆమెకు ఆ చరిత్ర తెలియదు, మెట్టు మాత్రమే తెలుసు. పాట అయిన తరువాత ఆ రికార్డు ఎప్పుడు కొన్నారు, ఎవరు అడిగి తీసుకువెళ్ళి ఆరు నెలలకు తెచ్చి ఇచ్చారు, ఏది వేస్తే నానమ్మ వంటింట్లోనుండి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడేది — ఇవన్నీ చెప్పేది. వాటినీ రాసుకున్నాను. నెల రోజుల పని అనుకున్నది సంవత్సరాలు పట్టింది. మధ్యలో షట్‌డౌను పనులు, అమ్మ అనారోగ్యం, నా బద్ధకం అన్నీ ఉన్నాయి.

2022లో అమ్మ కన్నుమూసింది. అప్పటికి 140లో 109 రికార్డులు ఆమె విన్నది. మిగిలిన 31 రికార్డులనూ తరువాత నేను 78 చుట్ల వద్ద ఎక్కించి, నోటుబుక్కులో వాటికి ఎదురుగా 'శ్రుతి సరిచూడలేదు' అని రాశాను. ప్లాంటులో క్యాలిబ్రేషను గడువు దాటిన మీటరుకు మనం చీటీ అంటిస్తాము గదా, ఇదీ అంతే.

మిత్రులకు నా మనవి. మన కుటుంబాలలో ఎందరి ఇళ్ళలోనో అటకల మీద రికార్డులు, క్యాసెట్లు ఉన్నాయి. ఎండ తగలని చోట, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచండి. ఎక్కించేటప్పుడు ముడి నకలును చెరపకండి. మూడు ప్రతులు ఉంచండి. అందులో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. మా మూడవ ప్రతి మా అమ్మాయి ఇంట్లో ఉన్నది. కంప్యూటరు డిస్కు కూడా ఒకనాడు ఆగిపోయేదే. ఎక్కించిన తరువాత అసలు రికార్డును పారవేయకండి. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు ఉంటుంది గనుక, ఇంట్లో వినడానికి చేసుకున్న నకళ్ళను పదిమందికీ పంచే ముందు ఆలోచించండి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. కంప్యూటరు వచ్చే ఏడాది కొనవచ్చు, ఇంతకంటె మేలైనదే దొరుకుతుంది. రికార్డు కూడా జాగ్రత్తగా ఉంచితే ఇంకొక పదేళ్ళు ఆగుతుంది. దానిని తొలుత విన్న చెవి మాత్రం ఆగదు. ఇంట్లో పెద్దవారు ఉన్నవారు ఈ ఆదివారమే ఒక రికార్డు తీసి వారి ఎదుట వేయండి. సరిగా ఉన్నదా అని అడగండి. వారు చెప్పినది రాసుకోండి.