టీచరుకిచ్చే కానుకకీ గిఫ్టెడ్ సీటుకీ లంకె లేదు

థాంక్స్‌గివింగ్ సెలవులు అయిపోయిన దగ్గర్నుంచి డిసెంబరు మూడో వారంలో బడులు మూసేదాకా, అమెరికాలోని తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒకటే మాట. "టీచరుకి హాలిడే గిఫ్ట్ గట్టిగా ముట్టకపోతే పిల్లాడి పేరు గిఫ్టెడ్ లిస్టులోకి ఎక్కదు." ఎవరో ఒకరు దానికి అంకె తగిలిస్తారు, వంద డాలర్లకి తక్కువైతే లెక్కలోకి రాదని. ఇంకొకరు తాము ఇండియా నుంచి వెండి కుంకుమ భరిణె తెప్పించి ఇచ్చామనీ, ఆ ఏడే పాపకి సీటొచ్చిందనీ రాస్తారు. తెల్లారేసరికి గ్రూపంతా గిఫ్ట్ కార్డుల వేటలో పడుతుంది.

ఉత్తి పుకారైతే విని వదిలేయొచ్చు. ఇది కాపురాల మీదికి వచ్చింది. హెచ్4 వీసా మీద ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న తల్లి, ఇద్దరు పిల్లల క్లాస్ టీచర్లనీ, మ్యూజిక్, ఆర్ట్, పీఈ టీచర్లనీ, సహాయకులనీ వేళ్ల మీద లెక్కేసుకుని నెల సరుకుల డబ్బులో కోత పెడుతోంది. అలా పెట్టలేని తల్లి తన పిల్లకి తానే అన్యాయం చేస్తున్నానని కుమిలిపోతోంది. గ్రూపులో ఎదురు చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. టీచరు ఇబ్బంది మరొకటి. ఖరీదైన వస్తువు పుచ్చుకుంటే ఉద్యోగానికి మచ్చ, వద్దంటే ఎదురుగా నిలబడ్డ ఏడేళ్ల పిల్ల మొహం చిన్నబోతుంది. పొద్దున రంగు కాగితాలు కూరి, రిబ్బను కట్టి పంపిన సంచీ సాయంత్రం బ్యాక్‌ప్యాక్‌లో అలాగే తిరిగొస్తే, అందులో టీచరు మర్యాదగా రాసిన చీటీ పెద్దవాళ్లు చదువుకుంటారు. పిల్ల మాత్రం తన కానుక టీచరుకి నచ్చలేదనే అనుకుంటుంది.

ఇంతకీ చురుకైన పిల్లలకి విడిగా నడిపే ఆ గిఫ్టెడ్ తరగతుల లిస్టు ఎలా తయారవుతుంది? స్కూలు జిల్లాకో పద్ధతి ఉన్నా, చాలాచోట్ల మొదటి మెట్టు కోగ్యాట్, ఎన్‌ఎన్‌ఏటీ లాంటి పరీక్షే. వాటికి మార్కులేసేది క్లాస్ టీచరు కాదు. అదే వయసు పిల్లలు దేశమంతటా ఎలా రాశారో చూపే పట్టికలతో పోల్చి స్కోరు కడతారు. మ్యాప్ గ్రోత్ అయితే కంప్యూటరే అడుగుతుంది, కంప్యూటరే దిద్దుతుంది. ఒక ప్రశ్నకి సరిగ్గా జవాబిస్తే తర్వాతిది కష్టంగా వస్తుంది, తప్పితే తేలిగ్గా వస్తుంది. ఇందులో భరిణె పనిచేసే చోటేది? టెక్సస్‌లోనైతే, ఏ పిల్లని గిఫ్టెడ్ తరగతుల్లోకి తీసుకోవాలో చివరికి తేల్చేది ఆ విద్యలో శిక్షణ పొందిన కనీసం ముగ్గురు కూర్చున్న కమిటీ. ఒక టీచరు ఒంటిచేత్తో పిల్లని లోపలికి తోసేయడానికీ, బయట నిలబెట్టేయడానికీ అక్కడ వీల్లేదు.

"మరి టీచరు రేటింగు ఉంటుందిగా?" అని గ్రూపులో ఎవరో అడగనే అడుగుతారు. ఉంటుంది. చాలా జిల్లాల్లో క్లాస్ టీచరు ఒక ఫారం నింపుతారు: పిల్ల తనంతట తాను ప్రశ్నలు అడుగుతుందా, కష్టమైన పని మధ్యలో వదిలేస్తుందా, కొత్త దారిలో ఆలోచిస్తుందా అని. జార్జియాలో మేధాశక్తి, చదువులో ప్రగతి, సృజన, నేర్చుకోవాలనే పట్టుదల అని నాలుగు కొలతలున్నాయి. చివరి రెండింటికీ ఇలాంటి రేటింగులు వాడే వీలుంది. కాబట్టి టీచరు మాటకి అక్కడ విలువ ఉన్నమాట నిజం. కానీ సరిగ్గా ఆ ఫారం టీచరు బల్ల మీద ఉన్న రోజుల్లో ఖరీదైన వస్తువు తీసుకెళ్లి ఆమె చేతిలో పెడితే దాన్ని కానుక అనరు, లంచం అంటారు. ఊళ్లో మండలాఫీసులో పాస్‌బుక్ కోసం ఎవరైనా ఇదే పని చేస్తే మనం ఏమంటామో ఇక్కడా అదే అనాలి. టీచరు మాట చెల్లని చోట ఆ డబ్బు వృథా, చెల్లే చోట అది నేరానికి దగ్గర. ఎటు చూసినా పిల్లకి ఒరిగేది లేదు.

నేరమన్నది కోపంలో అన్న మాట కాదు. మసాచుసెట్స్‌లో పబ్లిక్ స్కూలు టీచరు ప్రభుత్వోద్యోగి. ఆ ఉద్యోగంలో ఉన్నందుకు ఎవరైనా 50 డాలర్లూ అంతకు మించిన విలువున్న కానుకిస్తే పుచ్చుకోకూడదు. ఆ చట్టం పుచ్చుకున్నవాళ్లకే కాదు, ఇచ్చినవాళ్లకీ వర్తిస్తుంది. అక్కడే ఒక మంచి వెసులుబాటు ఉంది. క్లాసు పిల్లలందరి తరఫునా, ఎవరెంత వేశారో చెప్పకుండా ఉమ్మడిగా ఇస్తే ఏడాదికి 150 డాలర్ల దాకా టీచరు తీసుకోవచ్చు. న్యూయార్క్ నగరంలో విడిగా ఒక్కో పిల్ల నుంచి టీచర్లు తీసుకోదగ్గది చిన్న ఖరీదు, మనసుకి దగ్గరగా ఉండే వస్తువే. మిగతా రాష్ట్రాల్లో, జిల్లాల్లో హద్దులు వేర్వేరు. మీ జిల్లా వెబ్‌సైట్‌లో ఉద్యోగుల కానుకల నియమం వెతికి చదవండి. ఆ ఒక్క పేజీని గ్రూపులో పెడితే వంద మెసేజీలకి జవాబు దొరుకుతుంది.

ఇక సీటొచ్చిన పాప సంగతి. గ్రూపులో అందరూ ఇస్తున్నప్పుడు, సీటొచ్చినవాళ్లూ ఇచ్చినవాళ్లే, రానివాళ్లూ ఇచ్చినవాళ్లే. రానివాళ్లు "మేమూ భరిణె ఇచ్చాం, రాలేదు" అని ఎక్కడా రాసుకోరు. వచ్చినవాళ్ల మాటే మనకి వినపడుతుంది. ఆ పాప పరీక్ష బాగా రాసింది, అందుకే వచ్చింది. ఆ గొప్ప పాపకి దక్కనివ్వకుండా భరిణెకి కట్టబెట్టడం ఆ పాపకే అవమానం.

ఈ నమ్మకం మనకి గాలిలోంచి ఊడిపడలేదు. ఒకప్పటి వీధిబడి అయ్యవారికి సర్కారు జీతం లేదు. దసరాకి పిల్లలు పూల బాణాలు పట్టుకుని, పద్యాలు పాడుతూ, అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగితే, ఇంటివాళ్లు ఆయనకి డబ్బో ధాన్యమో, పిల్లలకి పప్పుబెల్లాలో ఇచ్చేవాళ్లు. ఆ దసరా మామూలు ఆయన బతుకుతెరువు, ఊరు ఆయనకి పడ్డ బాకీ. అది ఇవ్వడం ధర్మమే. ఇక్కడి పబ్లిక్ స్కూలు టీచరుకి జీతం మనం కట్టే పన్నుల్లోంచి వస్తోంది. సొంత ఇల్లున్నవాళ్లు ప్రాపర్టీ టాక్స్ రసీదు తీసి, అందులో స్కూలు వాటా ఎంతో చూడండి. బాకీ అక్కడే తీరుతోంది. డిసెంబరులో ఇచ్చేది కృతజ్ఞత. దానికి కనీస మొత్తం ఉండదు.

చిల్లర అపోహలు ఇంకొన్ని ఉన్నాయి. గిఫ్ట్ కార్డు ఇస్తే మర్యాద కాదన్నది వట్టి మాట, ఎక్కువమంది టీచర్లకి పనికొచ్చేది అదే. ఏడాది దాటితే చెల్లదన్నదీ తప్పు. 2009 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కార్డులోని డబ్బుకి కనీసం అయిదేళ్లు గడువుండాలి. కార్డు మీద క్రిస్మస్ అని రాసితీరాలన్నది మరొకటి. టీచరు యూదులై హనుకా జరుపుకోవచ్చు, ఏ పండగా జరుపుకోకపోనూవచ్చు. ప్రైవేటు స్కూల్లో ఎంతిచ్చినా అడిగేవాళ్లు లేరన్నది కూడా నిజం కాదు, వాళ్లకీ నియమాలుంటాయి, హ్యాండ్‌బుక్ చూడండి.

ఇంట్లో చేసినవి ఇస్తే టీచర్లు తినరు, పారేస్తారు అన్నది మాత్రం నాకు మింగుడుపడని మాట. మినుములు దోరగా వేయించి, కమ్మని నెయ్యి పోసి చుట్టిన సున్నుండని ఎవరైనా ఎలా వద్దంటారు? కానీ ఇందులో నిజముందని ఒప్పుకోక తప్పదు. పాతికమంది పిల్లల ఇళ్లనుంచి వచ్చే డబ్బాల్లో, ఏ వంటింట్లో ఏం కలిసిందో తెలియక చాలామంది టీచర్లు తినడానికి వెనకాడతారు. అది మన తిండి మీద చిన్నచూపు కాదు, జాగ్రత్త. మన పిండివంటలు చాలావాటిలో ఉండేవి ఇక్కడ ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయి: జీడిపప్పు, వేరుశనగ, పాలు, గోధుమ. నువ్వులు 2023 జనవరి నుంచి తొమ్మిదోదిగా ఆ జాబితాలో చేరాయి. అంటే కాజూ కత్లీ, పల్లీపట్టీ, నువ్వులుండ, నువ్వులద్దిన అరిసె అన్నీ అలర్జీ ఉన్నవాళ్ల ప్రాణానికి ముప్పే. పైగా చాలా స్కూళ్లలో కొన్ని క్లాసుల్లోకి పల్లీలూ జీడిపప్పూ తేవడమే నిషేధం. పిల్ల చేతికిచ్చిన డబ్బా బస్సులోనే తెరుచుకుందనుకోండి, పక్కసీటు పిల్లకి ఏమవుతుందో ఆలోచించండి. అంతగా ఇవ్వాలనిపిస్తే టీచరుని ముందే అడగండి. అంగట్లో కొన్న, లేబులున్న డబ్బా ఇవ్వండి. లేదా పెద్దవాళ్లే వెళ్లి చేతికిచ్చి, అందులో ఏమేం ఉన్నాయో ఒక చీటీ మీద ఇంగ్లీషులో రాసిపెట్టండి. తినకపోయినా బాధపడకండి.

మరి ఏమివ్వాలి? అన్నిటికన్నా మేలు క్లాసంతా కలిసి ఇచ్చేది. రూమ్ పేరెంట్ ఎవరో కనుక్కుని, వెన్మోలోనో జెల్‌లోనో ఎవరికి తోచింది వాళ్లు వేసి, ఒక్క కార్డు కొని, పిల్లలందరితో సంతకాలు పెట్టించండి. డబ్బు వేయనివాళ్ల పిల్లలతో కూడా. ఎవరెంత వేశారన్న పట్టిక మాత్రం గ్రూపులో పెట్టొద్దు. ఈ పుకారు అంకెలు పుట్టేది అలాంటి పట్టికల్లోంచే. విడిగా ఇవ్వాలనుకుంటే పదో ఇరవయ్యో డాలర్ల కార్డు చాలు. వీసా, మాస్టర్‌కార్డుల కన్నా టీచరు రోజూ వెళ్లే కాఫీ దుకాణానిదో, టార్గెట్‌దో మంచిది, వీసా కార్డు కొనేటప్పుడే యాక్టివేషన్ ఫీజు అదనంగా పోతుంది. కొట్లో కార్డు తీసుకునేటప్పుడు వెనక్కి తిప్పి, పిన్ మీది పూత గీకి ఉందా, అట్ట విప్పి మళ్లీ అతికించినట్టుందా చూడండి. దొంగలు నంబర్లు రాసుకుని, మనం డబ్బు ఎక్కించగానే ఊడ్చేస్తున్నారు. రసీదు పారేయొద్దు.

టీచర్లు సొంత డబ్బు పెట్టి పెన్సిళ్లూ, టిష్యూ డబ్బాలూ, మార్కర్లూ కొంటారు. ఆదాయప్పన్నులో వాళ్లకి ఆ ఖర్చు మీదిచ్చే మినహాయింపుని 2022లో 250 నుంచి 300 డాలర్లకి పెంచారంటే ఆ ఖర్చు ఎంత మామూలో తెలుస్తుంది. క్లాసుకి కావలసినవాటి జాబితా చాలామంది ఆన్‌లైన్‌లో పెడతారు. అందులోంచి ఒక వైట్‌బోర్డు మార్కర్ల పెట్టె కొనిస్తే, జనవరిలో మీ పిల్లే దాంతో బోర్డు మీద రాస్తుంది.

వీటన్నిటికన్నా టీచర్లు దాచుకునేది ఉత్తరం. "థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్" అని రాస్తే ఉత్తరమవదు. జరిగిందొకటి రాయండి. ఆగస్టులో ఇండియా నుంచి దిగిన పిల్లాడి పేరు మొదటి రోజే మళ్లీ మళ్లీ అడిగి, "వెంకట"లో చివరి అక్షరం దాకా సరిగ్గా పలకడం నేర్చుకున్న టీచరుంటుంది. ఆ రోజు వాడు ఇంటికొచ్చి ఏమన్నాడో రాయండి. నాలుగు వాక్యాలు చాలు. కింద పిల్లాడు తెలుగులో తన పేరు రాసి, పక్కనే బొమ్మ గీస్తే ఇంకా బాగుంటుంది. అదే ఉత్తరాన్ని ఈమెయిల్‌లో ప్రిన్సిపాల్‌కి కూడా పంపండి. పై అధికారి కంటపడ్డ ఆ నాలుగు వాక్యాలు టీచరుకి ఏ కార్డూ చేయలేని మేలు చేస్తాయి.

ఇక మన జాబితాల్లోకే రాని మనుషులు. స్పెషల్ ఎడ్యుకేషన్ క్లాసులో మీ పిల్ల షూ లేసులు కట్టే సహాయకురాలు (పారా), మంచులో చెయ్యి చాచి కార్లు ఆపే క్రాసింగ్ గార్డు, వాంతి చేసుకుంటే తుడిచే కస్టోడియన్, లంచ్ లైన్లో "నో బీఫ్" అని గుర్తుపెట్టుకుని వేరే ట్రే అందించే ఆవిడ, జ్వరమొస్తే మీకు ఫోన్ చేసే ఆఫీసావిడ, నర్సు, బస్సు డ్రైవరు. వీళ్లలో చాలామందికి గంటల లెక్కన జీతం, బడి మూసిన రోజుల్లో జీతం రానివాళ్లూ ఉన్నారు. క్లాస్ టీచరు బల్ల మీద ముప్ఫై సంచులు పేరుకున్న రోజున వీళ్ల చేతికి ఒక్కటీ రాదు. టీచరుకి వందివ్వాలనుకున్నవాళ్లు ఆ వందని అయిదు భాగాలు చేసి వీళ్లలో నలుగురికీ టీచరుకీ పంచండి. బస్సు డ్రైవరు ప్రైవేటు కంపెనీ మనిషైతే ఆ కంపెనీ నియమం అడగండి. నగదు ఎవరికీ వద్దు.

సెలవుల ముందు చివరి రోజున ఇవ్వాలని కూర్చోకండి. ఆ రోజు చాలాచోట్ల ఒంటిపూట బడి, పార్టీ గోల, టీచరు సెలవు పెడితే సబ్‌స్టిట్యూట్ ఉంటారు. రెండు మూడు రోజులు ముందే, సంచీ మీద పిల్ల పేరు రాసి ఆఫీసులో ఇవ్వండి. డిసెంబరులో చేతిలో డబ్బు ఆడకపోతే మానేయండి. టీచర్ అప్రీసియేషన్ వీక్ మే నెల మొదటి పూర్తి వారంలో వస్తుంది. ఉత్తరం అప్పుడైనా రాయొచ్చు.