పెళ్లిరోజు పందిరికి ఇంటిల్లిపాదీ చేయి వేస్తే...

వికారాబాద్, తాండూరు: పెళ్లిరోజు జరుపుకోవడం మన పల్లెల్లో పాత ఆచారమేమీ కాదు. ఇంటి పెద్దకు అరవై ఏళ్లు నిండితే షష్టిపూర్తి చేయడమే తెలుసు. పెళ్లి ఎప్పుడయిందని ముసలివాళ్లను అడిగితే మాసం, తిథి చెబుతారే తప్ప చాలామంది తారీఖు చెప్పలేరు. పిల్లలు చదువుకుని పట్నాల్లో ఉద్యోగాలకు చేరాక, అమ్మానాన్నల పెళ్లయి 25 ఏళ్లో 50 ఏళ్లో నిండిన నాడు నలుగురినీ పిలిచి భోజనం పెట్టే అలవాటు ఊళ్లకూ వచ్చింది.

అలవాటు మంచిదే. దాని వెంట ఖర్చు కూడా వచ్చింది. అద్దె అలంకరణకు పోసిన సొమ్ము రాత్రి పందిరి విప్పగానే పోతుంది. అదే పందిరి ఇంట్లోవాళ్లే వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, ముసలివాళ్లకు తృప్తి కూడా మిగులుతుంది.

పెళ్లిళ్ల కాలంలోనే

మాఘం నుంచి జ్యేష్ఠం వరకు ముహూర్తాలు ఎక్కువ గనుక పెళ్లిరోజులూ ఎక్కువగా ఆ నెలల్లోనే వస్తాయి. ఆ రోజుల్లో ఊరూరా పెళ్లిళ్లే. షామియానా దొరకదు, పూల ధర అందదు. కొన్న బంతిపూలు కూడా ఎండకు పొద్దెక్కేసరికి వాడిపోతాయి. మామిడాకు, వేపమండ మాత్రం ఎండకాలంలోనూ పచ్చగా దొరుకుతాయి. వీటి కోసం అనంతగిరి అడవిలో కొమ్మలు విరవనక్కర్లేదు. పెరట్లో, చేను గట్టున ఉన్న చెట్లే చాలు.

మామిడాకులు ముందురోజు సాయంత్రం కోసి, నీళ్లు చల్లి, తడి గోనెపట్టా కప్పి ఉంచితే మర్నాటికీ పచ్చగా ఉంటాయి. ఆకు తొడిమ వైపు సుతిలి తాడు మీదుగా మడిచి ఈనెపుల్ల గుచ్చాలి. ఈ పని చిన్నవాళ్లకంటే తాతలకే బాగా వచ్చు. పక్కన కూర్చుని నేర్చుకోకపోతే కొన్నాళ్లకు గుచ్చేవాళ్లే ఉండరు.

కందికట్టె ద్వారం

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కందులు సంచుల్లో బజారుకు పోయినా, కట్టె రైతు ఇంటి దగ్గరే కుప్పగా మిగులుతుంది. వాకిట్లో రెండు వాసాలు పాతి, పైన అడ్డంగా కందికట్టె మోపు కట్టి, వేపమండలు, మామిడాకులు చుడితే ద్వారం తయారు. బతుకమ్మ పండుగనాటి గునుగు పూలు నీడన ఆరబెట్టి దాచుకున్న ఇల్లయితే వాటినీ మధ్యమధ్య దోపవచ్చు.

ఇంట్లో పరిచింది తాండూరు బండలైతే ముగ్గుకు అంతకన్నా మంచి నేల లేదు. నీలి బండ మీద తడిపిన సుద్దముక్కతో గీస్తే, ఆరాక తెల్లగా తేలుతుంది.

పిల్లల వంతు

రంగు కాగితాల గొలుసు పిల్లల పని. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవున్న ఒక్క కాగితం నుంచి 6 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు పట్టీలు 100 వస్తాయి. మైదాపిండి ఉడికించిన జిగురుతో ఒకదానిలో ఒకటి దూర్చి అతికిస్తే పది అడుగుల గొలుసుకు సుమారు 80 పట్టీలు చాలు. ఈ గొలుసులను కరెంటు తీగలకు, దీపాలకు, పొయ్యికి ఆనకుండా దూరంగా కట్టాలి.

అలంకరణకు వాడే థర్మోకోల్‌ను, బుడగలకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. వేడుక అయ్యాక ఊరవతల పారేసిన ప్లాస్టిక్ సంచులను పశువులు మేస్తే, అవి పొట్టలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. పాడి మీద బతికే ఇంటికి అది చిన్న నష్టం కాదు.

ఒకరోజు ముందే రావాలి

ఇదంతా జరగాలంటే పట్నంలో ఉన్న కొడుకులు, కోడళ్లు, బిడ్డలు, అల్లుళ్లు ముందురోజు సాయంత్రానికే ఇల్లు చేరాలి. భోజనాల వేళకు వచ్చి, ఫొటో దిగి, సాయంత్రం రైలుకు పోయేవాళ్లతో పందిరి లేవదు. ముసలివాళ్లకు కావలసింది కూడా ఆ ఒక్క సాయంత్రమే. తాత ఆకులు గుచ్చుతుంటే, మనవలు కాగితాలు కత్తిరిస్తుంటే, తన పెళ్లినాడు పందిరి ఎవరు వేశారో, చీర ఎక్కడ కొన్నారో అవ్వ చెబుతుంది. భోజనాల సందడిలో ఆ మాటలు అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

వేడుక ముగిశాక వాడిన ఆకులు పెంటకుప్పలో వేస్తే ఎరువవుతాయి. కాగితపు గొలుసులు తడి తగలకుండా పెట్టెలో దాచితే వచ్చే ఏడుకు పనికొస్తాయి. కందికట్టె ఎలాగూ పొయ్యిలోకి పోయేదే.